మైదానంలో గడిపిన గంటలు, కాలేజీ సీటు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గోదావరి డెల్టా ప్రాంతం నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయాన్ని అడిగాయి. హైస్కూల్లో ఆడిన ఆటలు కాలేజీ ప్రవేశాల్లో, ముఖ్యంగా అమెరికా విశ్వవిద్యాలయాల ప్రవేశాల్లో, ఎంతవరకు లెక్కకు వస్తాయన్నదే ఆ విషయం. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి నుంచి వాలీబాల్ ఆడుతున్నాడు. తొమ్మిది, పది తరగతుల్లో అండర్-17 జిల్లా జట్టులో ఉన్నాడు. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. సాయంత్రం స్టడీ అవర్స్ ఉంటాయి కనుక ఆట మానేయాలని కాలేజీ వారు అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు మాత్రం, అమెరికాలో డిగ్రీ చదివించే ఆలోచన ఉంటే ఆట మానిపించవద్దని పట్టుబడుతోంది. వాలీబాల్ వల్ల అక్కడ సీటు గానీ స్కాలర్‌షిప్ గానీ వస్తుందా? వాడు ఎప్పుడూ కెప్టెన్‌గా లేడు. అది లోటవుతుందా?
ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: మీ ఆడపడుచు మాట, కాలేజీ వారి మాట ఒకదానికొకటి ఎదురుగా వినిపించడానికి కారణం, ఆ ఇద్దరూ రెండు వేర్వేరు ప్రవేశ పద్ధతులను మనసులో పెట్టుకుని మాట్లాడడమే. జేఈఈలోనైనా ఈఏపీసెట్‌లోనైనా సీటును నిర్ణయించేది ర్యాంకు. క్రీడాకారుల కోటాలో ఇచ్చే కొద్దిపాటి సీట్లను మినహాయిస్తే, మీ అబ్బాయి ఎంత బాగా స్మాష్ కొట్టినా అక్కడ ఒక్క మార్కు కలవదు. అమెరికాలో పోటీ ఎక్కువగా ఉండే విశ్వవిద్యాలయాలు మాత్రం నాలుగేళ్ల మార్కులు, చదివిన సబ్జెక్టుల కష్టం, వ్యాసాలు, ఉపాధ్యాయుల లేఖలు, తరగతి బయట చేసిన పనులు అన్నింటినీ కలిపి చదివి నిర్ణయిస్తాయి. ఆటకు చోటున్నది ఆ చివరి అంశంలో.

అయితే ఆట అక్కడ రెండు దారుల్లో పనికివస్తుంది. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడడం వల్లనే మన ఇళ్లలో లేనిపోని ఆశలు, భయాలు పుడుతున్నాయి. మొదటి దారి, విశ్వవిద్యాలయ జట్టు కోచ్ తన జట్టుకు ఫలానా విద్యార్థి కావాలని కోరి తీసుకోవడం. హార్వర్డ్ ప్రవేశ విధానం మీద వేసిన దావాలో 2018లో విచారణ జరిగినప్పుడు బయటపడిన లెక్కల ప్రకారం, కోచ్‌లు కోరిన క్రీడాకారుల్లో సుమారు 86 శాతం మందికి సీటు దక్కింది. అదే కాలంలో మొత్తం దరఖాస్తుదారుల్లో నూటికి పదిమందికి కూడా దక్కలేదు. కొందరు కన్సల్టెంట్లు ఈ 86 అంకెను చూపించి, ఆట ఆడితే చాలు సీటు ఖాయమన్నట్లు చెబుతారు. ఆ అంకె కోచ్ కోరిన వారిదే గానీ ఆట ఆడే పిల్లలందరిదీ కాదని మీరు గట్టిగా గుర్తుంచుకోవాలి.

కోచ్ కోరాలంటే ఆట ఏ స్థాయిలో ఉండాలో కూడా దాచకుండా చెబుతాను. అమెరికా కాలేజీ క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏలో మూడు డివిజన్లు ఉన్నాయి. మొదటి రెండింటిలో క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉంటాయి, మూడో డివిజన్‌లో ఉండవు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి ఎనిమిది విశ్వవిద్యాలయాల ఐవీ లీగ్ మొదటి డివిజన్‌లోనే ఆడుతుంది గానీ, ఆట పేరుతో డబ్బు ఇవ్వదు. కుటుంబ ఆర్థిక పరిస్థితిని బట్టి మాత్రమే సాయం చేస్తుంది. పైగా వాలీబాల్‌లో అమ్మాయిల జట్లు ఉన్నన్ని అక్కడ అబ్బాయిల జట్లు లేవు. అబ్బాయిల వాలీబాల్‌కు చాలాకాలం పాటు మొదటి డివిజన్‌లో జట్టు మొత్తానికి కలిపి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే అనుమతించేవారు, వాటినే ముక్కలు చేసి ఆటగాళ్లకు పంచేవారు. 2025లో కోర్టు ఆమోదించిన ఒక ఒప్పందంతో ఆ పరిమితుల పద్ధతి మారింది గానీ, జట్లే కొద్దిగా ఉన్నచోట పోటీ తగ్గదు. వాటిలో చేరేవారిలో ఎక్కువమంది తమ రాష్ట్రంలోనో దేశంలోనో మొదటి వరుసలో నిలిచినవారు. జిల్లా జట్టు స్థాయి ఆటతో ఆ తలుపు తెరుచుకుంటుందని మీకు ఆశ పెట్టలేను. అబ్బాయి రాష్ట్ర జట్టు దాటి జాతీయ శిబిరం వరకు వెళ్లిన రోజున, కోచ్‌లకు ఉత్తరాలు, వీడియోలు పంపే విషయం ఆలోచించవచ్చు. అప్పుడు ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు చేసుకోవాలి. తొమ్మిదో తరగతి నుంచి చదివిన వాటిలో 16 ప్రధాన కోర్సులు ఉన్నాయో లేదో ఆ సంస్థ చూస్తుంది.

రెండో దారి మీ అబ్బాయికి ఇప్పుడే తెరిచి ఉంది, నేను ఎక్కువగా చెప్పదలచుకున్నదీ దాని గురించే. వెయ్యికి పైగా కాలేజీలు అంగీకరించే కామన్ అప్లికేషన్ అనే ఉమ్మడి దరఖాస్తులో పాఠ్యేతర కార్యక్రమాల కోసం ఒక విభాగం ఉంటుంది. అందులో పది కార్యక్రమాల వరకు రాయవచ్చు. ఒక్కొక్కదానికి ఏ తరగతుల్లో చేశారు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అన్నవి అంకెల్లో అడుగుతారు. హోదా రాయడానికి 50 అక్షరాలు, చేసిన పనిని వివరించడానికి 150 అక్షరాలు మాత్రమే ఇస్తారు; ఖాళీలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు వరకే అడుగుతారు గనుక, ఏడో తరగతిలో మొదలుపెట్టాడన్నది అందులో కనిపించదు. ఇంటర్ రెండేళ్లు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. మన పిల్లల్లో చాలామంది దరఖాస్తులు పదో తరగతితో ఆగిపోయినట్లు ఉండడానికి కారణం ఇదే. ఆట అక్కడితో ఆగిపోతుంది, బొమ్మలు వేయడం అక్కడితో ఆగిపోతుంది, ఆ తర్వాత రెండేళ్లకు రాయడానికి కోచింగ్ తప్ప ఏమీ మిగలదు.

ఆ 150 అక్షరాల్లో ఏమి రాస్తారన్నదాన్ని బట్టి ఆట విలువ మారుతుంది. ‘వాలీబాల్ వల్ల నాయకత్వం, క్రమశిక్షణ, జట్టు స్ఫూర్తి నేర్చుకున్నాను’ అని రాస్తే ఆ వరుసను ఏ విద్యార్థి అయినా రాయగలడు, చదివేవారికి మీ అబ్బాయి ఎవరో తెలియదు. ‘జిల్లా జట్టులో రెండేళ్లు సెట్టర్, ఆదివారాలు ఆరో తరగతి పిల్లలకు సర్వీస్ నేర్పడం, వానల తర్వాత కోర్టు చదును చేయడం’ అని రాస్తే ఒక మనిషి కనిపిస్తాడు. అవి మీ అబ్బాయి నిజంగా చేసిన పనులై ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు. గంటల విషయంలోనూ అంతే. మన డెల్టాలో వానలు పట్టాయంటే గ్రౌండ్లలో నీళ్లు నిలిచి, వారాల తరబడి నెట్టు కట్టే వీలుండదు. పరీక్షల నెలల్లో ఆట ఉండదు. అయినా ఏడాదికి 52 వారాలు అని రాసేవారు ఉన్నారు. వారానికి ఆరు గంటలు, ఏడాదికి ముప్పై వారాలు ఆడితే ఆ అంకెలే వేయండి. చదివే అధికారి రోజూ ఇలాంటి దరఖాస్తులు ఎన్నో చూస్తాడు, పొంగించిన అంకెను గుర్తుపట్టడం ఆయనకు కష్టం కాదు.

కెప్టెన్ కాకపోవడం లోటని నేను అనుకోను. జట్టుకు ఒక్కరే కెప్టెన్ ఉంటారని వారికి తెలుసు. వారు వెతికేది నాలుగేళ్లలో ఎదుగుదల ఉందా, మధ్యలో వదిలేయకుండా నిలబడ్డాడా, ఆ ఆట వల్ల పక్కవారికి ఏమైనా మేలు జరిగిందా అన్న వాటిని. వెనుకబడ్డ జట్టులో చివరి వరకు ఉండి, చిన్నపిల్లలకు ఆట నేర్పినవాడి వరుస, పేరుకు మాత్రమే కెప్టెన్ అయినవాడి వరుస కంటే బలంగా నిలుస్తుంది.

ఒక మాట మాత్రం ఎక్కువ చేయకుండా చెప్పాలి. ఈ రెండో దారిలో ఆట, మార్కులకు బదులు కాదు. మార్కులు, సబ్జెక్టులు ఆ కాలేజీ కోరే స్థాయిలో ఉన్నప్పుడే మిగతా పేజీలు బరువు చూపిస్తాయి. ఏ కాలేజీ దేనికి ఎంత ప్రాధాన్యం ఇస్తుందో తెలుసుకోవడానికి చాలా విశ్వవిద్యాలయాలు ఏటా ప్రకటించే కామన్ డేటా సెట్ అనే పత్రంలో సీ7 అన్న పట్టిక చూడండి. పాఠ్యేతర కార్యక్రమాలు ‘చాలా ముఖ్యం’, ‘ముఖ్యం’, ‘పరిశీలిస్తాం’, ‘పరిశీలించం’ అన్న నాలుగింటిలో ఏ గడిలో ఉన్నాయో ఆ కాలేజీయే స్వయంగా గుర్తు పెట్టి చూపిస్తుంది. బంధువులు చెప్పిన మాటకన్నా, కన్సల్టెంటు చెప్పిన మాటకన్నా ఈ పట్టిక నమ్మదగినది. కొన్ని పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మార్కులదే దాదాపు మొత్తం బరువని, కొన్ని చిన్న ప్రైవేటు కాలేజీల్లో కార్యక్రమాలకు ఎక్కువ బరువని అందులో మీకే తెలుస్తుంది.

ఇక ఇప్పుడు చేయవలసినది. కాలేజీ వారితో గొడవ పెట్టుకోనక్కర్లేదు. రోజూ సాయంత్రం కుదరకపోతే ఆదివారం ఉదయం, మరొక రోజు తెల్లవారుజామున ఆడేలా ప్రిన్సిపాల్ గారిని అడగండి. పాత హైస్కూలు గ్రౌండులో, పాత డ్రిల్లు మాస్టారి దగ్గర ఆడినా అది ఆటే. అమెరికా దరఖాస్తులు ఇంటర్ రెండో సంవత్సరంలో నవంబరు 1 నుంచి జనవరి మొదటి వారం లోపల పంపవలసి ఉంటుంది గనుక, ఇప్పటినుంచి ఏడాదిన్నర లోపే ఆ వరుస రాయాలి. పోటీ జరిగిన తేదీ, ఊరు, ఫలితం ఒక నోటుబుక్కులో రాయించండి, సర్టిఫికెట్లు స్కాన్ చేయించి పెట్టండి. ఒకవేళ కాలేజీ నియమాల వల్ల నిజంగానే మానవలసి వస్తే, ‘అదనపు సమాచారం’ అన్న చోట రెండు వాక్యాల్లో ఆ కారణం రాయవచ్చు. విద్యార్థి చదివిన బడిలో ఏ అవకాశాలు ఉన్నాయో ఆ పరిధిలోనే అతన్ని చూడడం అక్కడి పద్ధతి. ఆదివారం ఆట వల్ల జేఈఈ ర్యాంకు పోతుందని మాత్రం నేను నమ్మను. పదహారేళ్ల పిల్లవాడు వారంలో కొన్ని గంటలు ఎండలో పరుగెత్తడం వాడికి అవసరం, దరఖాస్తు ఉన్నా లేకపోయినా.

ప్రశ్న: మా మనవరాలు కాలిఫోర్నియాలో పదకొండో తరగతి చదువుతోంది. స్కూలు బ్యాడ్మింటన్ జట్టులో ఉంది, సీజన్‌లో రోజూ బడి అయ్యాక ప్రాక్టీసు ఉంటుంది. ‘వార్సిటీలో ఉంది నాన్నా, యూనివర్సిటీకి పనికొస్తుంది’ అంటాడు మా అబ్బాయి. వార్సిటీ అంటే ఏమిటి? ఈ ఆటకు మార్కులు కలుస్తాయా? సాత్విక్‌సాయిరాజ్ మా అమలాపురం వాడే కనుక బ్యాడ్మింటన్ అంటే మా ఇంట్లో గౌరవమే గానీ, చదువు వెనుకబడుతుందేమోనని భయంగా ఉంది.
ఒక తాతగారు, అమలాపురం

జవాబు: అమెరికా హైస్కూల్లో ఒక ఆటకు రెండు జట్లు, కొన్నిచోట్ల మూడు జట్లు ఉంటాయి. ఇతర పాఠశాలలతో పెద్ద పోటీల్లో బడి తరఫున ఆడే మొదటి జట్టును వార్సిటీ అంటారు. దాని కింద, ఇంకా నేర్చుకుంటున్నవారు ఆడేది జూనియర్ వార్సిటీ. మీ మనవరాలు మొదటి జట్టులో ఉందంటే తన బడిలో ఆ ఆటలో ముందు వరుసలో ఉందన్నమాట. అయితే దేశం మొత్తం మీద హైస్కూలు జట్లలో ఆడే పిల్లలు సుమారు 80 లక్షల మంది. ఎన్‌సీఏఏ కాలేజీ జట్లలో ఆడేవారు ఐదు లక్షల పైచిలుకు మాత్రమే. కనుక వార్సిటీ అన్నది మంచి వరుసే గానీ అరుదైనది కాదు.

మార్కులు కలవవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అంటే బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో వంటి ప్రాంగణాలన్నీ కలిసిన వ్యవస్థ, సగటు మార్కులను లెక్కించేటప్పుడు నిర్దేశించిన చదువు కోర్సులనే తీసుకుంటుంది; వ్యాయామ తరగతి మార్కు అందులో ఉండదు. అమెరికాలో కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్ష మార్కులను కూడా ఆ విశ్వవిద్యాలయం చూడడం మానేసింది గనుక, బడిలో నాలుగేళ్ల మార్కులు, విద్యార్థి రాసే జవాబులు, చేసిన పనుల జాబితా మరింత ముఖ్యమయ్యాయి. వారి దరఖాస్తులో కార్యక్రమాలు, బహుమతులు అన్నీ కలిపి 20 వరకు రాయవచ్చు. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కొక్కటి 350 పదాలకు మించకుండా జవాబులు రాయాలి. బ్యాడ్మింటన్ ఆ జాబితాలో ఒక వరుసగా తప్పకుండా నిలుస్తుంది. నాలుగు జవాబుల్లో ఒకదానికి అదే విషయమూ కావచ్చు, కాని నాలుగూ ఆటతో నింపవద్దని చెప్పండి.

మీ ఊరి సాత్విక్‌సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి 2023లో హాంగ్‌జౌలో ఆసియా క్రీడల డబుల్స్ స్వర్ణం గెలిచాడు. ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్‌లో మన దేశానికి అదే మొదటి స్వర్ణం. అంత గొప్ప ఆట అయినా, ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్‌లు నిర్వహించే క్రీడల్లో బ్యాడ్మింటన్ లేదు. కనుక కోచ్ కోరి సీటు ఇప్పించడం, స్కాలర్‌షిప్ రావడం వంటివి ఈ ఆటలో ఆశించవద్దు. టెన్నిస్, ఈత, పరుగు, వాలీబాల్ ఆడే అమ్మాయికి ఉండే దారి మీ మనవరాలికి లేదు. పాఠ్యేతర కార్యక్రమంగా మాత్రం వాటితో సమానంగానే లెక్కలోకి వస్తుంది.

చదువు గురించి మీ భయానికి అక్కడి నియమమే కొంత జవాబు. కాలిఫోర్నియాలో స్కూలు జట్టులో ఆడాలంటే నాలుగు పాయింట్ల కొలతలో కనీసం 2.0 సగటు ఉండాలి, తగ్గితే జట్టులో ఉంచరు. మంచి విశ్వవిద్యాలయానికి అంతకంటే ఎంతో ఎక్కువ కావాలన్నది వేరే మాట. మరొక విషయం కూడా మీకు నచ్చుతుంది. అమెరికాలో 1972లో వచ్చిన టైటిల్ నైన్ అనే చట్టం వల్ల, ప్రభుత్వ నిధులు తీసుకునే బడులు, కాలేజీలు ఆడపిల్లలకు క్రీడల్లో సమాన అవకాశం ఇవ్వక తప్పదు. అంతకుముందు అక్కడ కూడా ఆడపిల్లల జట్లు చాలా కొద్దిగానే ఉండేవి. మీ మనవరాలు సాయంత్రాలు ఆడుతోందంటే, ఎందరో పోరాడి తెచ్చుకున్న అవకాశాన్ని వాడుకుంటోంది. సీజన్ అయ్యాక మార్కులు ఎలా ఉన్నాయో మీ అబ్బాయిని అడగండి, అవి నిలకడగా ఉంటే నిశ్చింతగా ఉండండి.

ప్రశ్న: నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కబడ్డీలో స్కూల్ గేమ్స్ రాష్ట్ర పోటీల వరకు ఆడాను. ఈఏపీసెట్‌లో స్పోర్ట్స్ కోటాలో నాకు ఇంజినీరింగ్ సీటు వస్తుందా? ఐఐటీల్లోనూ ఆటకు సీట్లు ఇస్తున్నారని విన్నాను.
ఒక విద్యార్థిని, భీమవరం దగ్గర పల్లె

జవాబు: మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ ప్రవేశాల్లో క్రీడాకారులకు ఉన్నది అర శాతం కోటా. అంటే 200 సీట్లకు ఒకటి. దరఖాస్తులో స్పోర్ట్స్ విభాగాన్ని ఎంచుకుని, సర్టిఫికెట్ల పరిశీలనకు అసలు పత్రాలతో వెళ్లాలి. వాటిని రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ, మనం శాప్ అని పిలుచుకునేది, చూసి ప్రాధాన్య క్రమం నిర్ణయిస్తుంది. అంతర్జాతీయ పోటీల్లో ఆడినవారు పైన, జాతీయ స్థాయి వారు ఆ తర్వాత ఉంటారు గనుక, రాష్ట్ర స్థాయి పత్రంతో నీ వంతు వచ్చేసరికి సీట్లు మిగలడం కష్టం. ప్రయత్నించు, కాని ర్యాంకు కోసం చదవడం మాత్రం తగ్గించకు.

ఐఐటీ విషయం నువ్వు విన్నది నిజమే. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి ప్రతి బీటెక్, బీఎస్ కోర్సులో రెండు అదనపు సీట్లు క్రీడాకారులకు ఇస్తోంది, వాటిలో ఒకటి అమ్మాయిలకే. అయితే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుల జాబితాలో పేరు ఉండాలి. గత నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ పోటీల్లో ఒక పతకమైనా ఉండాలి. వారు గుర్తించే క్రీడల జాబితా పరిమితమైనది, దరఖాస్తుకు ముందు దాన్ని చూసుకోవాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో క్రీడా సీట్లకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష మార్కులకు 25 శాతం, ఆటకు 75 శాతం బరువు ఇస్తారు. బీఎస్సీ, బీకాం వంటి డిగ్రీల మీద నీకు ఆసక్తి ఉంటే, ఆట నిజంగా పెద్ద బరువు మోసే చోట్లలో అది ఒకటి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులో డిగ్రీకి దరఖాస్తు పెడుతోంది. త్రోబాల్ సర్టిఫికెట్లు ఎక్కడ జతచేయాలి?
తణుకు

జవాబు: జతచేయనక్కర్లేదు. బ్రిటన్‌లో ప్రవేశం దాదాపు పూర్తిగా చదువు మీదనే ఆధారపడుతుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి అయితే ఎంపిక చదువు సామర్థ్యాన్ని బట్టేనని స్పష్టంగా చెబుతాయి. బ్రిటన్ విశ్వవిద్యాలయాలకు పంపే ఉమ్మడి దరఖాస్తు యూకాస్‌లోని స్వీయ వివరణ 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలుగా మారింది, మొత్తం 4,000 అక్షరాలు. బడి బయట చేసినది ఆ కోర్సుకు ఎలా ఉపయోగపడుతుందో చెప్పమనేది మూడో ప్రశ్న. అక్కడ ఆట గురించి ఒకటి రెండు వాక్యాలు చాలు. మిగతాదంతా ఎంచుకున్న సబ్జెక్టు గురించి రాయించండి.

ప్రశ్న: అమెరికా సీటు కోసం మా అబ్బాయికి ఒక కన్సల్టెంటు ‘ప్రొఫైల్’ తయారుచేస్తానంటున్నాడు. వాడు ఎప్పుడూ ఆడని ఒక ఆటలో రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్ తెప్పిస్తాడట, ఫొటోలు కూడా తీయిస్తాడట. అందరూ చేస్తున్నదేనని చెబుతున్నాడు. నమ్మవచ్చా?
ఒక తండ్రి, రావులపాలెం

జవాబు: ఆ మనిషితో ఈ రోజే మాట తెంచుకోండి. సరిగ్గా ఇదే పనికి అమెరికాలో పెద్ద నేర విచారణ జరిగింది. 2019 మార్చిలో బయటపడిన ఆ కేసులో, రిక్ సింగర్ అనే కన్సల్టెంటు సంపన్నుల పిల్లలను ఆడని ఆటల్లో క్రీడాకారులుగా చూపించి, కోచ్‌లకు లంచాలిచ్చి, యేల్, జార్జ్‌టౌన్, సదరన్ కాలిఫోర్నియా వంటి విశ్వవిద్యాలయాల్లో సీట్లు ఇప్పించాడు. పడవ పందేలు తెలియని పిల్లలను ఆ జట్టువారిగా చూపడానికి ఫొటోలు కూడా తీయించారు. యాభై మందికి పైగా నిందితులయ్యారు, ఎందరో తల్లిదండ్రులు జైలుకు వెళ్లారు. సింగర్‌కు 2023 జనవరిలో మూడున్నరేళ్ల శిక్ష పడింది. చేరిన తర్వాత మోసం తేలి సీటు పోగొట్టుకున్న విద్యార్థులూ ఉన్నారు.

దరఖాస్తు చివర, ఇందులో రాసినదంతా నిజమని విద్యార్థి తన పేరు మీద హామీ ఇస్తాడు. ఆ సంతకం పెట్టేది కన్సల్టెంటు కాదు, మీ అబ్బాయి. అబద్ధం తేలితే ఇచ్చిన సీటును ఎప్పుడైనా రద్దు చేయవచ్చు, చదువు మధ్యలో ఉన్నా సరే. పదిహేడేళ్ల వయసులో తండ్రే దగ్గరుండి అబద్ధం మీద సంతకం చేయించడం పిల్లవాడికి ఎంత అన్యాయమో ఆలోచించండి. దరఖాస్తు కోసమని ఇంటర్‌లో హఠాత్తుగా కొత్త ఆట మొదలుపెట్టించడం నేరం కాకపోయినా, దానివల్ల ప్రయోజనం కూడా ఉండదు. పన్నెండో తరగతిలో మొదలై అక్కడే ముగిసిన వరుస ఎందుకు వచ్చిందో చదివేవారికి తెలిసిపోతుంది. వాడు ఇంతవరకు ఇష్టంతో చేసింది ఏమైనా ఉంటే, అది ఆట కాకపోయినా సరే, దాన్నే రాయించండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుణ్ణి. మా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికాలో పూర్తి ఆర్థిక సాయం ఇచ్చే కాలేజీలకు దరఖాస్తు చేస్తున్నాడు. మంచి పరుగు వాడు, కాని ఇంటి దగ్గర రొయ్యల చెరువు పని వల్ల రెండేళ్లుగా మీట్లకు రాలేకపోయాడు. ఇది వాడికి నష్టమా? నన్ను సిఫారసు లేఖ రాయమంటున్నాడు. ఎలా రాయాలి?
ఒక ఉపాధ్యాయుడు, రాజోలు

జవాబు: మీ ఉత్తరం చదివి సంతోషించాను, ఎందుకంటే ఇలాంటి పిల్లలు తమకు రాయడానికి ఏమీ లేదనుకుని దరఖాస్తే మానేస్తారు. కామన్ అప్లికేషన్‌లోని కార్యక్రమాల రకాల్లో క్రీడలతో పాటు కుటుంబ బాధ్యతలు, జీతానికి చేసిన పని అన్నవి కూడా వేర్వేరుగా ఉన్నాయి. తెల్లవారుజామున చెరువు గట్టున మేత వేయడం, రాత్రిళ్లు చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోకుండా కాపలా కాయడం, నీటి పరీక్ష చేయించడం, లెక్కలు రాయడం ఇవన్నీ ఆ వరుసలో నిజాయితీగా రాయదగినవే, వారానికి గంటలతో సహా. తొమ్మిది, పది తరగతుల పరుగు ఒక వరుస, ఆ తర్వాత రెండేళ్ల చెరువు పని మరొక వరుస. రెండూ పక్కపక్కన ఉంటే, మీట్లకు ఎందుకు రాలేదో వేరే చెప్పనక్కర్లేకుండానే అర్థమవుతుంది. ఇది నష్టం కాదు. అవకాశాలు తక్కువగా ఉన్న చోట పిల్లవాడు ఏమి చేశాడన్నది అక్కడివారు శ్రద్ధగా చూస్తారు.

కాలేజీ అనుమతిస్తే, సబ్జెక్టు ఉపాధ్యాయుల లేఖలకు అదనంగా కోచ్ హోదాలో మీరు లేఖ ఇవ్వవచ్చు. విద్యార్థి మీ ఈమెయిల్ చిరునామా నమోదు చేస్తే మీకు లింకు వస్తుంది, లేఖను మీరే అందులో ఎక్కించాలి. అది విద్యార్థి చేతికి ఇచ్చే పత్రం కాదు. లేఖలో ‘క్రమశిక్షణ గల, కష్టపడే, వినయశీలి’ వంటి విశేషణాలు పేర్చకండి. ఎప్పటినుంచి ఎరుగుదురు, మొదటి ఏడాది ఎన్ని నిమిషాల్లో పరుగెత్తేవాడు, తర్వాత ఎంతకు తగ్గించాడు, మీ కళ్లతో చూసిన ఒక సంఘటన, చెరువు పనిలో పడ్డాక కూడా ఏదో ఒక ఉదయం గ్రౌండుకు వచ్చి చిన్నవాళ్లతో పరుగెత్తాడా, ఇవి రాయండి. బడిలో ట్రాక్ లేదని, పిల్లలు కాలువ గట్టున పరుగెత్తుతారని ఒక వాక్యం ఉంటే ఆ అంకెలకు అర్థం పెరుగుతుంది. ఒక పేజీ చాలు. ఆంగ్లంలో రాయడానికి సంకోచంగా ఉంటే తెలుగులో రాసి, బడిలోని ఆంగ్ల ఉపాధ్యాయుల చేత అనువాదం చేయించి, రెండు ప్రతులనూ ఒకే ఫైలుగా పంపండి; సంతకం, హోదా, పాఠశాల ముద్ర రెండింటి మీదా ఉండాలి.